కొండెక్కిన మంట

మా బావ కళ్ళ గురించి మా ఇంట్లో భయం, ఆ ప్రమాదానికి చాలా ఏళ్ళ ముందే మొదలైంది. ఆయన పని అలాంటిది. తిరుపతి నుంచి రేణిగుంటకు పోయే దారిలో, ఇనుప సామాన్లను కాల్చి గట్టిపరిచే ఒక చిన్న కార్ఖానాలో ఆయన బట్టీ మేస్త్రీ. చెరుకు గానుగల పళ్ళచక్రాలు, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల షాఫ్టులు, లారీల స్ప్రింగు పట్టీలు మా దగ్గరికి మెత్తగా వచ్చి గట్టిపడి వెళ్ళేవి. ఎర్రగా కాలిన ఇనుమును నూనెతొట్టిలో ఎప్పుడు ముంచాలో తెలియాలంటే బట్టీ లోపలికి చూడాలి. బావ పొద్దస్తమానం చూసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి కూర్చున్నాక కూడా ఎదుటి మనిషి ముఖం కాసేపు ఆయనకు పచ్చగా కనిపించేదట.

మా అక్క ఆయన కళ్ళ మీద దోసకాయ ముక్కలు పెట్టేది, అరికాళ్ళకు ఆముదం రాసేది. "ఈ మనిషి కండ్లు తినేదాకా ఆ బట్టీ ఇడిసిపెట్టదురా" అని నాతో అని, అంత మాట నోట్లోంచి వచ్చినందుకు వెంటనే లెంపలు వేసుకునేది. బావ నవ్వేవాడు. "నీ తమ్ముడు ఉండాడు గదా, నా చెయ్యి పట్టుకోని నడిపిస్తాడులే" అనేవాడు. ఆ హాస్యం నాకు ఒక్కసారి కూడా నచ్చలేదు.

నేను కూడా అక్కడే పనిచేసేవాణ్ణి. బావే చేర్పించాడు. గట్టిపడిన ముక్కను మిషను కింద పెట్టి, అది ఎంత గట్టిపడిందో చూసి చెప్పడం నా పని. ఒక మూల బల్ల, దాని మీద మిషను, పక్కన ఒక కిటికీ. కూర్చుని చేసే ఉద్యోగం కాబట్టి కార్ఖానాలో నాకు మర్యాద తక్కువ. పైగా నేను పిరికివాణ్ణి. రేకు కింద పడినా ఉలిక్కిపడతాను. "మా బామ్మర్ది గుండెకాయకు కూడా ఒక తూరి గట్టితనం పరీక్ష పెట్టాలప్పా" అని బావ అందరి ముందూ ఆటపట్టించేవాడు.

పాత బట్టీని చూసి మాత్రం నేనెన్నడూ భయపడలేదు. అది నల్లనూనెతో మండేది. దాని చుట్టూ మూరెడు మందం ఇటుక గోడ. రాత్రీ పగలూ హోరుమనేది. పని ఉన్నా లేకపోయినా మండుతూనే ఉండేది, ఎందుకంటే ఆ ఇటుకలు ఒకసారి చల్లారితే మళ్ళీ కాగడానికి ఒక పూట పట్టేది. ఆదివారాలు కూడా చిన్న మంట మీద ఉంచేవాళ్ళు. చలికాలంలో కుక్కలు ఆ గోడకు వీపు ఆనించి పడుకునేవి. మేము మా టిఫిను క్యారియర్లు గోడ గట్టు మీద పెట్టేవాళ్ళం. మధ్యాహ్నం మూత తీస్తే రాగిసంగటి పొగలు కక్కేది. అప్పుడప్పుడూ నూనెలో నీళ్ళు తగిలి మంట పోయినా ఎవరూ కంగారుపడేవాళ్ళు కాదు. లోపలి గోడలు నిప్పులా ఉండేవి కాబట్టి మంట దానంతటదే మళ్ళీ అంటుకునేది. మనం ఏ తప్పు చేసినా ఆ ఎర్రటి గోడలు దిద్దేవి. ఆ సంగతి అప్పట్లో మాకెవరికీ తట్టలేదు.

పొగ మాత్రం భయంకరం. వెనక కాలనీలో ఆడవాళ్ళు ఉతికి ఆరేసిన బట్టల మీద మసి పడేది. వాళ్ళు వచ్చి గేటు దగ్గర నిలబడి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఇంధనం పొదుపు చేయించేవాళ్ళు కొందరు వచ్చారు. మా ఓనరే పిలిపించాడు. నూనె ధర మండిపోతోంది, మాకు పనులిచ్చే మద్రాసు వైపు కంపెనీలు కూడా పొగ తగ్గించమని ఒత్తిడి పెడుతున్నాయి. వాళ్ళు ఒక చిన్న పిస్తోలు లాంటి పరికరాన్ని బట్టీ గోడ వైపు గురిపెట్టి, గోడ ఎంత వేడిగా ఉందో దూరం నుంచే చూశారు. మీరు ఇనుమును కాల్చడం లేదు, గోడనూ గాలినీ కాలుస్తున్నారు అన్నారు. ఆ మాట నిజమే. వేసవిలో ఆ షెడ్డులో నిలబడ్డవాడికెవడికైనా అది తెలుసు.

ఇంకో మాట కూడా అన్నారు. గాలిలోకి పోయే కార్బన్‌ను తగ్గించాలట. అది విని బావ మొహం చూడాల్సింది. పళ్ళచక్రాల పైపొరకు కార్బన్ పట్టించి గట్టిపరచడమే మా బతుకుదెరువు. "కార్బన్ తగ్గిస్తే పండ్లు అరిగిపోతాయి గదప్పా, రైతులొచ్చి నన్ను తంతారు" అన్నాడు. వచ్చినవాళ్ళలో ఒకాయన ఓపికగా కూర్చుని ఇనుములోకి ఎక్కే కార్బన్ వేరు, చిమ్నీలోంచి పోయేది వేరు అని చెప్పాడు. బావకు ముందే తెలుసు. కావాలనే ఏడిపిస్తున్నాడని నాకొక్కడికే అర్థమైంది.

వాళ్ళు చెప్పినవన్నీ ఓనరు చేయించాడు. లోపలి ఇటుక తీసేసి, తెల్లటి దూది దుప్పటి లాంటిది వరసలు వరసలుగా బిగించారు. అది వేడిని బయటికి రానివ్వదు, తాను కూడా దాచుకోదు. నల్లనూనె తీసేసి గ్యాసు పెట్టారు. వేడెంతుందో ముల్లు చూపించే ప్యానెల్‌నూ గ్యాసు తిప్పే వాల్వునూ గోడకు అవతల చిన్న గదిలో పెట్టారు. అన్నింటికన్నా పెద్ద మార్పు, ఆదివారం బట్టీ పూర్తిగా ఆపెయ్యడం. సోమవారం పొద్దున అంటిస్తే టీ తాగి వచ్చేలోగా కాగిపోతుంది కాబట్టి ఊరికే మండించాల్సిన పనిలేదు.

మా అక్క సంతోషం ఇంతా అంతా కాదు. ఇక తలుపు తీసి లోపలికి తొంగిచూడాల్సిన అవసరం లేదు, ముల్లే అన్నీ చెబుతుంది. "ఆ పొదుపోళ్ళు సల్లగుండాల, నా ఇంటాయన కండ్లు నిలబెట్టినారు" అని చేతులెత్తి మొక్కింది. కాలనీలో బట్టల మీద మసి పడ్డం ఆగిపోయింది. గేటు దగ్గర తిట్లూ ఆగిపోయాయి. ఆ మార్పు తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

అయినా నాకు నచ్చలేదు. ఆ నిశ్శబ్దం నచ్చలేదు. లోపల ఇనుము ఎర్రబడేటంత నిప్పుంటే, బయట గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడొచ్చు. మనిషి కోపం ముఖంలో కనబడితే మనం తప్పుకుంటాం. కనబడకపోతే ఏం చేస్తాం? కుక్కలు రెండు మూడు రోజులు గోడ దగ్గరికొచ్చి, వాసన చూసి, వెళ్ళిపోయాయి. మళ్ళీ రాలేదు. సంగటి సల్లబడిపోతోందని అందరూ గొణిగారు. సోమవారం పొద్దున షెడ్డులోకి అడుగుపెడితే ఎవరూ కాపురముండని ఇంట్లోకి వెళ్ళినట్టుండేది. బావతో చెబితే, "నీకు హోరుంటే భయం లేదు, హోరు లేకుంటే భయమా? ఇదేం పిరికితనం రా నాయనా" అని నవ్వాడు.

గ్యాసు బిగించినవాళ్ళు వెళ్ళేముందు మా అందరినీ నిలబెట్టి ఒక నియమం చెప్పారు. బట్టీ చల్లగా ఉన్నప్పుడు మంట పోతే పాతదానిలా తనంతట తాను అంటుకోదు, లోపల గ్యాసు నిండుతుంది. కాబట్టి బట్టీ దగ్గరున్న మనిషి "మంట ఆరిపోయింది" అని గట్టిగా అరవాలి. ప్యానెల్ గదిలో ఉన్న మనిషి వెంటనే గ్యాసు పూర్తిగా కట్టెయ్యాలి. గాలి కొట్టే ఫ్యాను మాత్రం ఆడుతూనే ఉండాలి. లోపలున్న గ్యాసంతా చిమ్నీలోంచి పోయాకే మళ్ళీ అంటించాలి. ఇప్పుడైతే మంట పోగానే గ్యాసు దానంతటదే ఆగే ఏర్పాటు ఉంటుంది. మాది పాత బట్టీకి కొత్త గ్యాసు తగిలించినది, దానికి అది లేదు.

అందరం తలలూపాం. చిక్కంతా అరవాల్సిన ఆ మాటతోనే వచ్చింది. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన బట్టీ ముందు నిలబడి, అన్నం పెట్టే మంటను పట్టుకుని ఆరిపోయిందని ఎవడంటాడు? మా ఇళ్ళల్లో చమురైపోయిన దీపాన్ని కూడా అలా అనరు. దీపం కొండెక్కింది అంటారు. ఆరిపోయేది మనిషి ప్రాణం, ఇంటి వెలుగు. ఆ మాట దీపం దగ్గర పలికితే మా అమ్మ నోటి మీద కొట్టేది. పాత బట్టీ ఎప్పుడూ మండుతూ ఉండేది కాబట్టి ఈ మాటతో మాకు అవసరం పడలేదు. ఇప్పుడు వారం వారం పడింది.

మొదటిసారి చల్లటి బట్టీలో మంట పోయినప్పుడు బావ నోరు తెరిచి, ఒక్క క్షణం ఆగి, "కొండెక్కింది!" అని అరిచాడు. ప్యానెల్ గదిలో ఉన్నది చంద్రగిరి వైపు మనిషి. ఆయన టక్కున గ్యాసు కట్టేశాడు. అంతే, అదే మాట ఖాయమైపోయింది. మాలో ఎవరికీ అందులో ఏ తేడా కనిపించలేదు.

తర్వాత ప్యానెల్‌కు రెండో మనిషి వచ్చాడు. తిరుత్తణి అవతలి పల్లెవాడు, అరవం మాట్లాడేవాడు. నెమ్మదస్తుడు, ఒళ్ళు దాచుకోకుండా పనిచేసేవాడు. తిరుపతిలో గది తీసుకుని, కూరగాయల అంగళ్ళ దగ్గరా బస్టాండులోనూ తెలుగు నేర్చుకున్నాడు. నేర్చుకున్న ప్రతి మాటనూ మా మీద ప్రయోగించేవాడు. ఒకరోజు అన్నాలు తినేవేళ ఉల్లిపాయల ధర గురించి, "ఎర్రగడ్డలు కొండెక్కినాయన్నా, కిలో కొనేకి కాదు" అన్నాడు. అందరం మెచ్చుకున్నాం. "ఇంక నువ్వు మా ఊరోడివైపోతివబ్బా" అని బావ వీపు తట్టాడు. ఆ ఊళ్ళో కొండ మాట వినకుండా రోజు గడవదు. జనం కొండకు పోతారు, కొండెక్కుతారు, కొండ దిగుతారు. ధరలు కొండెక్కుతాయి. ఆ మనిషికి కొండెక్కడమంటే పైకి పోవడం. వేరే అర్థం ఉంటుందని ఆయనకు ఎవరు చెప్పాలి? మాకు తెలిసిన మాట ఆయనకు తెలియదని మాకే తెలియదు.

ఆయనకు ఓనరు మరీ మరీ చెప్పిన జాగ్రత్త ఒకటే. కొత్త బట్టీ తొందరగా కాగుతుంది, వేడి దబదబా ఎక్కితే చక్రాలు పగులుతాయి, ఎక్కుతున్నట్టుంటే గ్యాసు కొంచెం తగ్గించు. పాపం ఆయన ప్యానెల్ ముందు కూర్చున్నంతసేపూ ఆ ఎక్కడం గురించే భయపడేవాడు.

అది సోమవారం. ఎండాకాలం మొదలు. చంద్రగిరి ఆయన కాళహస్తిలో పెళ్ళికని సెలవు పెట్టాడు. అరవాయన ఒక్కడే ప్యానెల్ గదిలో ఉన్నాడు. బట్టీ నిండా గానుగ చక్రాలు పేర్చారు. బావ అంటించాడు. నేను నా మూలలో మిషను తుడుచుకుంటున్నాను. కాసేపటికి బావ గొంతు వినబడింది.

"కొండెక్కిందప్పో!"

గోడ అవతల నుంచి జవాబొచ్చింది. "సరేన్నా! సూసుకుంటా!"

ఆయన చూసుకున్నాడు. వేడి ఎక్కిపోతోందని మేస్త్రీ చెప్పాడు కాబట్టి, గ్యాసు కొంచెం తగ్గించాడు. కట్టెయ్యలేదు. ముల్లు వైపు చూస్తూ, అది మెల్లగా దిగుతుంటే, తాను చేసింది పనిచేస్తోందని సంబరపడ్డాడు. ఇవతల బావ, గ్యాసు కట్టేశారన్న ధైర్యంతో, ఫ్యాను చప్పుడు వింటూ నిలబడ్డాడు. ఆకువక్క నమిలాడు. ఆగాల్సినంతసేపూ ఆగాడు. నియమం తప్పింది ఆయన కాదు. లోపల గ్యాసు నిండుతూనే ఉంది. నూనెతొట్టి వాసన మధ్య ఆ వాసన ఎవరికీ తెలియలేదు.

నేను తలెత్తి చూసేసరికి బావ చివర గుడ్డ చుట్టిన కడ్డీని అంటించుకుని బట్టీ వైపు నడుస్తున్నాడు. నన్ను చూసి కళ్ళెగరేశాడు, ఏం బామ్మర్దీ భయమా అన్నట్టు. వంగి, మంట పెట్టే రంధ్రానికి కడ్డీ అందించాడు.

ఆ శబ్దాన్ని నేను చెవులతో విన్నట్టు గుర్తులేదు. నేల నా కింద ఒకసారి లేచి కూర్చుంది. పై రేకులు కొన్ని ఎగిరి బయట రోడ్డు మీద పడ్డాయి. గ్యాసు కొంత చిమ్నీలోంచి పోయింది కాబట్టి షెడ్డు నిలిచిందని తర్వాత అన్నారు. బట్టీ తలుపు ఊడి ఇవతల పడింది. బావ దాని కింద లేడు. కొంచెం దూరంలో, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అరవలేదు. "గ్యాసు కట్టండప్పా, గ్యాసు కట్టండి" అని మామూలు గొంతుతో అంటూనే ఉన్నాడు.

పెద్దాసుపత్రిలో చేర్చాం. చేతులు మానతాయన్నారు, ముఖం మీద చర్మం మానుతుందన్నారు. కళ్ళ సంగతి అడిగితే కట్టు విప్పాక చూద్దామన్నారు. అలా అన్న డాక్టరు మా అక్క ముఖం వైపు చూడలేదు.

అరవాయన రోజూ వచ్చి వరండాలో నిలబడేవాడు, లోపలికి మాత్రం వచ్చేవాడు కాదు. ఒకరోజు నా చెయ్యి పట్టుకున్నాడు. "వేడి ఎక్కతా ఉండాది అని సెప్పినాడనుకుంటినన్నా. మురుగన్ సాక్షిగా అట్లే అనుకుంటిని. కొండెక్కిందంటే ఎక్కిపోయిందనే గదన్నా?" అని గోడకు తల కొట్టుకున్నాడు. అప్పుడే నాకు అంతా తెలిసింది. ఆయన మీద నాకు కోపం రాలేదు. బావ మీద ఎలా వస్తుంది? పొదుపు నేర్పినవాళ్ళు చెప్పింది నిజం, గ్యాసు వాళ్ళు చెప్పింది నిజం. ఎవరి మీద పడాలో తెలియని కోపం నా ఒంట్లోనే ఉండిపోయింది. ఇప్పటికీ ఎవరైనా ఉన్నమాట చెప్పకుండా నసిగితే నాకు ఒళ్ళు మండుతుంది.

ఓనరు వెంటనే బట్టీకి ఆ ఏర్పాటు పెట్టించాడు. మంట కనబడకపోతే తానే గ్యాసు కట్టేసే పరికరం. బిగించడానికి వచ్చినవాళ్ళు దాన్ని కన్ను అన్నారు. బట్టీకి కన్ను పెట్టాం, ఇక భయం లేదు అని నాతో చెప్పారు. నేను బయటికొచ్చి రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను.

కట్టు విప్పింది ఒక సాయంత్రం. వార్డులో చాలామంది ఉన్నారు, మంచం పక్కన మంచం. తలమీద ట్యూబులైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు గరగరమని తిరుగుతున్నాయి. డాక్టరు చిన్న లైటు వేసి చూసి, అక్క భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. బావ కళ్ళు తెరిచే ఉన్నాయి. అటూ ఇటూ తల తిప్పాడు.

"ఏం, కరెంటు పోయిందా?" అన్నాడు.

పక్క మంచం మీది ముసలాయన తల అవతలికి తిప్పుకున్నాడు.

"పోయింది" అంది అక్క. "ఇప్పుడే పోయింది. ఈ ఊర్లో ఇది మామూలే గదా."

"మరి ఫ్యాను తిరగతా ఉండాదే?"

అక్క లేచింది. చప్పుడు కాకుండా నడిచి వెళ్ళి, గోడ దగ్గరున్న ఫ్యాన్ల స్విచ్చులన్నీ ఒక్కొక్కటే కట్టేసింది. వార్డంతా ఫ్యాన్లు మెల్లమెల్లగా ఆగిపోయాయి. "ఇదో, ఇప్పుడు పూర్తిగా పోయింది" అంది. అంత ఎండాకాలంలో, అంత ఉక్కలో, వార్డులో ఒక్క మనిషి కూడా నోరు విప్పలేదు. విసనకర్రలు కూడా కదల్లేదు. అందరికీ చెమటలు కారుతున్నాయి. బావ సరేనన్నట్టు తలూపి వెనక్కి వాలాడు.

"ఎంతసేపు పడతాదో" అన్నాడు.

"వస్తాదిలే" అంది అక్క. "నువ్వు పడుకో."

ఆమె నా వైపు చూసి, చెప్పొద్దని పెదవి మీద వేలు పెట్టింది. ఆ వేలు నాకు ఈరోజుకీ కనిపిస్తుంది. ఇంకొక్క మెత్తటి మాటను నేను భరించలేకపోయాను. మంచం పట్టె మీద కూర్చుని, కట్టు లేని ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"బావా, కరెంటు ఉండాది. లైట్లు ఎలగతానే ఉండాయి. నీ సూపు పోయింది."

అక్క నోట్లో కొంగు కుక్కుకుంది. ఆయన నాడి నా వేళ్ళ కింద కొట్టుకోవడం ఒక్కటే తెలుస్తోంది. తర్వాత ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అయితే ఆ ఫ్యాన్లు ఎయ్యండప్పా" అన్నాడు. "పాపం, అందురికీ ఉడుకుతా ఉంటాది."

అక్క లేవలేకపోయింది. నేనే వెళ్ళి వేశాను.